ఆదివారం పూల్ శుభ్రం చేస్తే రాత్రికి దగ్గు.. తప్పు నీళ్లదేనా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పాతికేళ్ల కిందట కట్టిన స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు ఏడాది కిందట కొన్నాం. ప్రతి ఆదివారం నేనే వాక్యూమ్ చేసి, క్లోరిన్ వేస్తాను. అడుగున మడ్డి ఎంత లాగినా మర్నాటికి మళ్లీ కనిపిస్తుంది. నాలుగు నెలలుగా ఆ రోజు సాయంత్రానికి గొంతు గరగర, రాత్రి పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. మంగళవారానికల్లా తగ్గిపోతుంది. ఇంట్లో ఇంకెవరికీ దగ్గు లేదు. కానీ పూల్‌లో దిగితే అందరికీ కళ్లు మండుతున్నాయి. ఘాటు ఎక్కువైందని క్లోరిన్ సగానికి తగ్గిస్తే వాసన ఇంకా పెరిగింది. తొమ్మిదేళ్ల మా అబ్బాయికి రెండుసార్లు చెవి నొప్పి వచ్చింది. ఈ పూల్ పూడ్చేయడమే మంచిదా?

డాక్టర్ సలహా: పూడ్చేయక్కర్లేదు. మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చింది ‘మంగళవారానికల్లా తగ్గిపోతుంది’ అన్న మాట. వైరస్‌కి ఆదివారం, మంగళవారం తెలియవు. వారం వారం ఒకే రోజు మొదలై, రెండు రోజుల్లో సర్దుకునే దగ్గు అంటే ఆ రోజు మీరు పీల్చినదేదో శ్వాసనాళాలను రేపుతోందని మొదట అనుమానించాలి. అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఈదుతున్నా దగ్గు మీకొక్కరికే వస్తోంది. కాబట్టి నా అనుమానం నీళ్ల కన్నా ముందు క్లోరిన్ డబ్బా మీదికి పోతోంది.

ఈసారి మూత తీసేటప్పుడు మీ ముఖం ఎక్కడుంటుందో గమనించండి. చాలామంది డబ్బాను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బిగుసుకుపోయిన మూతను బలంగా తిప్పి, అది ఊడగానే లోపలికి తొంగి చూస్తారు. వారం రోజులుగా మూత కింద పోగైన ఘాటంతా ఆ ఒక్క శ్వాసలో లోపలికి పోతుంది. పైగా ఆ పని గాలి ఆడని పంపు గదిలో చేస్తే ఇక చెప్పేదేముంది! డబ్బాను బయటికి తెచ్చి, చేయి చాచినంత దూరంలో పెట్టి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి మూత తీయండి. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు (గాగుల్స్), గ్లవ్స్ తప్పనిసరి. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఈ వాయువును ఆపదు. దాన్ని నమ్ముకోవద్దు.

పంపు గదిలో తలుపు గొళ్లెం, మేకులు, మోటారు బోల్టులు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయేమో చూడండి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) తగ్గించడానికి వాడే యాసిడ్ క్యాను కూడా అక్కడే ఉంటే దాని ఆవిర్లు ఇనుమును తినేస్తాయి. ఇనుమును తినేది మీ ఊపిరితిత్తులను వదిలిపెడుతుందా? క్లోరిన్, యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండింటినీ వేర్వేరు చోట్ల పెట్టండి. క్లోరిన్‌లోనే రెండు రకాలను, అంటే కాల్షియం హైపోక్లోరైట్ పొడిని, ట్రైక్లోర్ బిళ్లలను ఒకే స్కూపుతో తీయడం, ఒకే బకెట్‌లో వేయడం అసలే వద్దు. మంటలు రావచ్చు, పేలనూ వచ్చు. మందును నీళ్లలో వేయాలి తప్ప మందు మీద నీళ్లు పోయకూడదు.

ఇక వాసన సంగతి. మీరు సదుద్దేశంతోనే క్లోరిన్ తగ్గించారు గానీ, అది తిరగబడింది. ముక్కుకు తగిలే ఆ ‘క్లోరిన్ వాసన’ చాలావరకు క్లోరమైన్లది. చెమట, మూత్రం వంటివాటితో క్లోరిన్ కలిసి క్లోరమైన్లుగా మారుతుంది. కళ్లు మండేది వాటివల్లే. అసలు క్లోరిన్ చాలనప్పుడు అవి విరగకుండా పేరుకుంటాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవకుండా క్రిములను చంపడానికి మిగిలి ఉన్నది) 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల్లో వంతులు) మధ్య, స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ తరిగిపోకుండా కాపాడేది) వాడుతుంటే కనీసం 2, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేది క్లోరమైన్ల లెక్క. అది 0.4 దాటితే ‘షాక్’ డోసు, అంటే ఒకేసారి ఎక్కువ మోతాదు క్లోరిన్, వేయాలి. అది పూర్తయి, క్లోరిన్ మామూలు స్థాయికి దిగేదాకా ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.

పాత పూళ్లలో ఇంకో చిక్కుంది. ట్రైక్లోర్ బిళ్లలతోపాటు సయనూరిక్ యాసిడ్ అనే స్టెబిలైజర్ కూడా నీళ్లలో చేరుతుంది. నీళ్లు ఆవిరైనా అది పోదు. ఏళ్ల తరబడి నీళ్లు మార్చకపోతే పేరుకుపోయి క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. కిట్‌లో క్లోరిన్ కనిపిస్తుంది గానీ క్రిములు మాత్రం తొందరగా చావవు. కొంత నీరు తీసి కొత్త నీరు పట్టడమే మార్గం. అలాగని మొత్తం ఖాళీ చేయకండి. కింద భూగర్భ జలం పైకి నెడితే పాత పూల్ అడుగు పగిలిపోవచ్చు, తొట్టి మొత్తం పైకి లేవనూ వచ్చు.

మర్నాటికి తిరిగొచ్చే మడ్డికీ మీ దగ్గుకీ కూడా సంబంధం ఉంది. నేను పూల్ మెకానిక్‌ను కాను గానీ, ఈ పని చేసేవాళ్లకు వైద్యం చేసీ చేసీ కొంత నేర్చుకున్నాను. చచ్చిన నాచు చాలా మెత్తటి పొడి. వాక్యూమ్ చేసేటప్పుడు ఫిల్టర్‌కున్న వాల్వ్ ‘ఫిల్టర్’ మీద ఉంటే ఆ పొడి ఫిల్టర్‌లోని అరిగిపోయిన పాత ఇసుకలోంచి జారిపోయి, ఇటు లాగిందంతా అటు నుంచి మళ్లీ పూల్‌లోకే వస్తుంది. ఆ మడ్డే మీరు వేసిన క్లోరిన్‌నూ తినేస్తుంది. మీరు మళ్లీ డబ్బా మూత తీస్తారు. ఈసారి పంపు ఆపి, వాల్వ్‌ను ‘వేస్ట్’ వైపు తిప్పి, అప్పుడు పంపు వేసి, వాక్యూమ్ హెడ్‌ను అడుగు మీద మెల్లగా జరపండి. తొందరపడితే పొడి పొగలా లేస్తుంది. మురికి నీళ్లు నేరుగా బయటికే పోతాయి. మట్టం తగ్గుతుంది కాబట్టి కొత్త నీరు పడతారు. దాంతో స్టెబిలైజర్ కూడా పలచబడుతుంది. ఫిల్టర్ గేజ్‌లో ప్రెషర్, శుభ్రంగా ఉన్నప్పటికన్నా 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ (నీళ్లను ఎదురు దిశలో పంపి ఇసుకను కడగడం) చేయండి. ఇసుక మార్చి ఏడేళ్లు దాటితే దాన్ని మార్చే ఆలోచన చేయండి.

మీ అబ్బాయి చెవి తమ్మెను మెల్లగా లాగి చూడండి. నొప్పి పెరిగితే అది బయటి చెవి ఇన్ఫెక్షన్ కావచ్చు. క్లోరిన్ చాలని నీళ్లలో పెరిగే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా దీనికి తరచూ కారణం. తగ్గేదాకా ఈత మాన్పించండి. కాటన్ బడ్స్ పెట్టకండి. కర్ణభేరికి చిల్లు లేదని ఈఎన్‌టీ డాక్టర్ చూశాకే చుక్కలు వేయాలి. వాక్యూమ్ నడుస్తుండగా బాబును నీళ్లలోకి దిగనివ్వొద్దు. పాత పూళ్లలో అడుగున ఒకే డ్రెయిన్, దాని మీద చదునైన మూత ఉంటే ఆ లాగుడుకు జుట్టు, చేయి ఇరుక్కుని పిల్లలు పైకి రాలేని ప్రమాదం ఉంది. మూత విరిగినా, గట్టున నిలబడితే డ్రెయిన్ కనిపించనంతగా నీళ్లు మసకబారినా, పెద్దలు సహా ఎవరూ దిగకూడదు.

ఇక మీ విషయం. మూడు వారాలు ఆ డబ్బా పని ఇంకొకరికి అప్పగించండి, పైన చెప్పిన జాగ్రత్తలతోనే. పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా గాలి ఊదగలరో చూపే చిన్న పరికరం) కొనుక్కుని రోజూ ఉదయం, సాయంత్రం ఊది అంకెలు రాసుకోండి. అంతకుముందు మీరే పని చేసిన ఒక వారం అంకెలు కూడా ఉంటే తేడా తెలుస్తుంది. దగ్గు సిరప్‌తో నెట్టుకురావద్దు. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) చేయించుకోండి. చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవా, పొగ తాగుతారా అన్నవి డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఎప్పుడైనా ఒక్కసారిగా ఘాటు పీలిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. కళ్లలో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగండి. ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పటికి తేలిగ్గా అనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు కాబట్టి ఆ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే డబ్బాల లేబుళ్లను ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. ‘క్లోరిన్’ అని ఒక్క మాట చెబితే అది ఏ రకమో మాకు తెలియదు.