పాలమూరులో ఆప్టోమెట్రీ పాఠం మొదలుపెడుతున్న బిడ్డకు

బిడ్డా,

పాలమూరులో పిల్లలకు ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షించి అద్దాల నంబర్ తేల్చే చదువు) చెప్పబోతున్నవని తెలిసి సంతోషమైంది. సిలబస్ సంగతి నువ్వు చూసుకుంటవు. నేను చేతి పని గురించే రాస్తున్న.

మొదట్ల కొన్ని నెలలు వాళ్లను ఆటోరిఫ్రాక్టర్, అంటే తనంతట తానే కంటి నంబర్ తీసి చీటీ ఇచ్చే మిషన్, ముట్టనియ్యకు. పరీక్షకొచ్చి మిషన్‌లకు చూసే చిన్నపిల్లలు తెలియకుండానే దగ్గరి చూపు పెడతరు, మైనస్ ఎక్కువ వస్తది. ఆ చీటీకి అలవాటైనోళ్లకు రెటినోస్కోప్, అంటే కంట్లోకి వెలుగు వేసి అది కదిలే తీరు చూసి నంబర్ తేల్చే చేతి పరికరం, అంత తొందరగ అబ్బదు.

ఒక్కొక్కరి రెటినోస్కోప్‌కు 67 సెంటీమీటర్ల దారం కట్టించు. లెక్కల నుంచి 1.50 డయాప్టర్లు (అద్దం నంబర్‌కు కొలత) తీసేసేది ఆ దూరానికే. నాలుగు కండ్లు చూసేసరికి నడుం నొచ్చి ముందుకు వంగుతరు. 50 సెంటీమీటర్లకు వచ్చి కూడా 1.50నే తీసేస్తే అర డయాప్టర్ ప్లస్ ఎక్కువ పడుతది. పేషెంట్ కుడికన్నును తమ కుడికంటితోనే చూడాలె. లేకుంటే తలకాయ అడ్డమొచ్చి, ఆరు మీటర్ల అవతలి అక్షరం వదిలి ఆయన వీళ్ల మొహమే చూస్తడు. కంట్లో వెలుగు కత్తెర లెక్క తెరుచుకొని మూసుకుంటుంటే, అందులోనూ కండ్లు నలుపుకునే పిల్లగాడైతే, నంబర్ తర్వాత, ముందు కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) డాక్టర్ దగ్గరికి పంపాలె, ఆ పొర వంకర అయిందేమోనని. మిషన్ చీటీల ఆ కత్తెర కనబడదు.

చిన్నపిల్లలకు డాక్టర్ రాసి సైక్లోపెంటోలేట్ 1% చుక్క (దగ్గరి చూపు పెట్టకుండ కంటిని సడలించే మందు) వేసినంక అరగంట, ముప్పావుగంట ఆగాల్సిందే.

చత్వారానికి మాత్రం వయసు పట్టిక చూసి రాయనియ్యకు. అరవై ఏండ్లాయనకు దూరం నంబర్ మీద +2.50 కలపమంటది పట్టిక. దాంతోని స్పష్టంగ కనబడేది 40 సెంటీమీటర్ల కాడ. పేపర్ చదివెటోళ్లకు సరే. నారాయణపేటలోనో గద్వాలలోనో మగ్గం మీద కూచున్న పెద్దమనిషికి నేసే చోటు ఇంకా ఎడంగ ఉంటది. మెడ వంచి వంచి యాష్టకొచ్చి అద్దాలు గూట్లె పెడతడు. పని చేసే తీరుగనే కూచోబెట్టి, కంటి నుంచి పని దాకా టేపుతో కొలిపించు. 57 సెంటీమీటర్లు వస్తే +1.75 చాలు. పోచంపల్లిల చిటికి కట్టే (రంగు అంటకుండ నూలుకు ముడులేసే) ఆమెకు కొలత వేరే. బియ్యంల రాళ్లు ఏరేటప్పుడు చేట ఎంత దూరం పెట్టుకుంటరో కూడా అడగమను, ఆడోళ్లు తమంతట తాము చెప్పరు.

జవాబు మిషన్‌తో కలిసిందని మార్కులెయ్యకు. ఒకే కన్నును ఇద్దరితో విడివిడిగ చేయించు, ఒకరి కాగితం ఒకరికి చూపకు. అర డయాప్టర్ కన్న ఎక్కువ తేడా వస్తే వాళ్ల ముందట నువ్వే చెయ్యి. ప్రొఫెసర్ అయినంక రెటినోస్కోప్ పట్టుడు మానేసెటోళ్లే ఎక్కువ, అది నాకు నచ్చదు. నీ పిల్లలు రేపు అచ్చంపేటలోనో దేవరకొండలోనో ఒక్కరే సెంటర్ నడుపుతరు, అనుమానమొస్తే అడిగేందుకు పక్కన ఎవ్వరుండరు. అందుకే నీకు వచ్చిన నంబర్ కూడా వాళ్ల నంబర్ల పక్కనే బోర్డు మీద రాయి.