పాత 20 నోటు మీది తీరానికి 2 లక్షల ప్యాకేజీ

ప్రశ్న: మాది కాకినాడ. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం. 42 వేల సెలవు ప్రయాణ భత్యంతో (ఎల్‌టీఏ) కలిపి ఏడాదికి 11.4 లక్షల జీతం. కొత్త పన్ను విధానంలో ఉన్నాను. ఖర్చులు, సిప్‌లు పోను నెలకు 17 వేలు మిగులుతుంది. అత్యవసరాలకని 2.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఎనిమిది నెలల్లో వచ్చే సంక్రాంతి సెలవులకు నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ, మా అత్తగారు అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. ఏజెంటు 1.98 లక్షలు అడుగుతున్నాడు. అందులో ఒక రోజు ప్రత్యేక పడవలో రాస్ దీవి, నార్త్ బే తీరం తిప్పడానికి 14 వేలు, ఆరుగురికీ సీ వాక్‌కు 24 వేలు. వడ్డీ లేకుండా 12 నెలల ఈఎంఐ ఇస్తాడట. ఎల్‌టీఏ కోసం ఖర్చంతా విమాన టికెట్ల కిందే చూపించి బిల్లు ఇస్తానంటున్నాడు. ఈఎంఐ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీయాలా? ఎల్‌టీఏ కోసం పాత పన్ను విధానంలోకి మారడం మంచిదా?

జవాబు: మూడూ వద్దు. అండమాన్ మాత్రం వెళ్లండి.

ముందు పన్ను సంగతి. కొత్త విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే మీ ఆదాయం 10.65 లక్షలు. 12 లక్షలు దాటలేదు కాబట్టి రిబేటు (పన్ను మాఫీ) వర్తించి మీకు పన్నే పడదు. పాత విధానంలోకి మారి, 80సీగా పేరుపడిన పొదుపు మినహాయింపు (పీఎఫ్, బీమా లాంటివి) కింద లక్షన్నర పూర్తిగా చూపించి, ఎల్‌టీఏ మొత్తానికీ మినహాయింపు తెచ్చుకున్నారనే అనుకుందాం. ఇంటి రుణం, అద్దె లాంటివి లేకపోతే అప్పటికీ సుమారు 95 వేల పన్ను తేలుతుంది. ఆ 42 వేల మినహాయింపు వల్ల మిగిలేది 8,700 రూపాయలు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. కొత్త విధానంలో ఎల్‌టీఏకు మినహాయింపు లేదు, నిజమే. కానీ పన్నే లేనప్పుడు మినహాయింపు దేనికి? ఆ 42 వేలను బిల్లులు అడగకుండా మామూలు జీతంగా ఇచ్చేయమని మీ హెచ్‌ఆర్ వాళ్లకు చెప్పండి.

అంటే ఏజెంటు ఇస్తానన్న దొంగ బిల్లు మీకు తప్పుడు పని మాత్రమే కాదు, దండగ పని కూడా. పాత విధానంలో ఉన్న పాఠకుల కోసం ఒక మాట. ఎల్‌టీఏ మినహాయింపు ప్రయాణ చార్జీలకే. హోటలు, భోజనం, దీవుల చుట్టూ తిప్పే పడవ అందులోకి రావు. మీ మీద ఆధారపడిన తల్లి కుటుంబం కిందికి వస్తారు కానీ అత్తగారు రారు (ఈ వాక్యం ఇంట్లో పైకి చదవకండి). ఈ మినహాయింపుతో ఆటలాడితే ఏమవుతుందో 2022 నవంబరులో సుప్రీంకోర్టు స్టేట్ బ్యాంకు కేసులో చెప్పింది. ఉద్యోగులు విదేశాలు చుట్టి వచ్చి మన దేశంలోని ఊరికి వెళ్లినట్టు చూపించారు. తీర్పులో ఉదహరించిన దారుల్లో ‘యూరప్ మీదుగా పోర్ట్ బ్లెయిర్’ కూడా ఉంది! మినహాయింపు చెల్లదని, పన్ను కోయకపోవడం బ్యాంకు తప్పేనని కోర్టు తేల్చింది.

ఇక ఈఎంఐ. ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: ‘మొత్తం డబ్బు ఒకేసారి కట్టేస్తే ఎంతకిస్తారు?’ అతను తగ్గించే మొత్తమే మీరు కట్టబోయే వడ్డీ. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ వేరే. నెలకు 16,500 చొప్పున 12 నెలలంటే మీకు మిగిలే 17 వేలూ దాదాపు అటే పోతుంది. పండుగ వెళ్లిపోయినా మీరు ఆ పాత పడవకు డబ్బు కడుతూనే ఉంటారు.

ఆ పడవ రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోత వేయగలిగేది అక్కడే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 నుంచి శ్రీ విజయపురం. రాస్ దీవి 2018 చివర్లోనే నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. పడవల వాళ్లు ఇంకా పాత పేర్లే అరుస్తుంటారు. ఊళ్లో వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ జెట్టీ నుంచి అందరూ కలిసి ఎక్కే పడవలు బయలుదేరతాయి. నేను చివరిసారి వాకబు చేసినప్పుడు టికెట్టు తలకు వెయ్యి రూపాయల అటూ ఇటూ ఉంది. రాస్‌కు పావుగంట కూడా పట్టదు. మీకు 14 వేల ప్రత్యేక పడవ ఎందుకు? ఆ పడవకూ అదే సముద్రం, అదే జెట్టీ.

రాస్‌లో మీ జేబుకు పెద్దగా పని ఉండదు. 1941 భూకంపం దాకా బ్రిటిష్ వాళ్లు అండమాన్‌ను పాలించింది అక్కడి నుంచే. ఇప్పుడు చర్చి గోడల్ని మర్రి జాతి చెట్ల వేర్లు పట్టుకుని నిలబెట్టినట్టుంటాయి, మధ్యలో జింకలు తిరుగుతుంటాయి. మీ అమ్మగారికీ అత్తగారికీ నచ్చేది ఇదే.

డబ్బు కరిగేది నార్త్ బేలో. పడవ ఒడ్డుకు చేరకముందే ఒక కుర్రాడు లామినేట్ చేసిన రేట్ల కార్డు మీ ఒళ్లో పెడతాడు: సీ వాక్, స్కూబా, జెట్ స్కీ, గాజు అడుగు పడవ. పిల్లలు చూస్తుండగా బేరం ఆడలేం, వాడికీ అది తెలుసు. కాబట్టి ఎవరు ఏది చేస్తారో ముందు రోజు రాత్రే గదిలో తేల్చుకోండి. తలకు గాజు హెల్మెట్ పెట్టుకుని సముద్రం అడుగున నడిచే సీ వాక్‌కు ఇద్దరు పెద్దావిడలను కూడా లెక్కలో వేసిన ఏజెంటు వాళ్లను ఒకసారైనా చూశాడా? ఇష్టమున్న ఇద్దరికి అక్కడే కట్టండి, 8 వేలు. పెద్దవాళ్లకు పాత ఎర్ర 20 నోటు ఒకటి పట్టుకెళ్లి చేతికివ్వండి. దాని వెనక ఉన్న దీపస్తంభం ఈ తీరానిదే. నోటును ఎదురుగా పట్టుకుని పోల్చి చూసుకోవడానికి ఎవరూ డబ్బులడగరు.

చేతిలో నగదు ఉంచుకోండి. అక్కడ కొబ్బరి బోండాలు తాగేశాక నా ఫోనులో యూపీఐ గుర్తు తిరిగి తిరిగి ఆగిపోయింది. నా అవస్థ చూసి పక్కనున్న పెద్దాయన తెలుగులో పలకరించి డబ్బులు ఇచ్చారు. శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబమట. అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. బేరానికీ అది అక్కరకొస్తుంది.

ఇప్పుడు లెక్క. 1.98 లక్షల్లోంచి పడవకు 14 వేలు, సీ వాక్‌కు 24 వేలు తీసేస్తే 1.60 లక్షలు. మామూలు పడవకు 6 వేలు, ఇద్దరి సీ వాక్‌కు 8 వేలు కలిపితే 1.74 లక్షలు. ఎనిమిది నెలల పాటు 17 వేల చొప్పున 1.36 లక్షలు, దానికి ఎల్‌టీఏ 42 వేలు కలిపితే 1.78 లక్షలు. సరిపోయింది. అయితే దీన్ని రికరింగ్ డిపాజిట్‌లో బిగించకండి. విమాన టికెట్లు మూడు నాలుగు నెలల ముందే కొనాలి కనుక వేరే సేవింగ్స్ ఖాతాలో వేస్తూ పోండి. వడ్డీ కొంచెం తగ్గినా పరవాలేదు.

ఇక ఎఫ్‌డీ ముట్టవద్దన్నది ఎందుకంటారా? గాలివానకు పడవలు రద్దయి ఒక రోజు ఇరుక్కుపోయినా, పెద్దవాళ్లలో ఒకరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా కాపాడేది అదే. పెద్దవాళ్ల ఆరోగ్య బీమా కార్డులు వెంట ఉంచుకోండి. ప్రయాణ బీమా తీసుకుంటే సముద్ర క్రీడలకు వర్తిస్తుందో లేదో చూడండి, చాలా పాలసీలు మినహాయిస్తాయి. పడవ రద్దయితే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారో ఏజెంటుతో కాగితం మీద రాయించుకోండి.

2014 జనవరి 26న ఇదే నీళ్లలో పరిమితికి మించి ఎక్కించిన పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. పడవ మీద ఎంతమందికి అనుమతి అని రాసి ఉందో చూసి, తలలు లెక్కపెట్టి, లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే కదలనివ్వండి. లెక్క తేడాగా ఉంటే దిగిపోండి. ఆరు టికెట్ల 6 వేలు పోయినా సరే.