మొదటి కమీషన్ వచ్చేదాకా ఇల్లు ఎలా గడుస్తుంది?

ప్రశ్న: నా వయసు 34. చాలా ఏళ్లుగా ఒక కంపెనీలో కస్టమర్ సర్వీసులో పనిచేస్తున్నాను. మా వారిది కూడా ఉద్యోగమే. పాప స్కూల్లో చదువుతోంది. ఇంటి లోను ఇంకా చాలా ఏళ్లు కట్టాలి. నలుగురితో మాట్లాడటం, ఇళ్లు చూడటం నాకు మొదటి నుంచీ ఇష్టం. రియల్ ఎస్టేట్ ఏజెంటుగా మారాలని గట్టిగా అనుకుంటున్నాను. ఈ లైన్‌లో ఉన్న స్నేహితురాలు "ఒక్క డీల్ అయితే నీ మూడు నెలల జీతం ఒకేసారి వస్తుంది, ఇంకా ఆలోచిస్తావేంటి" అంటోంది. మా దగ్గర ఎనిమిది నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సేవింగ్స్ ఉన్నాయి. మా వారి జీతంతో ఇంటి ఖర్చులో సగం గడుస్తుంది. నా జీతం కూడా కలుపుకుంటే, ఖర్చులన్నీ పోను నెల ఖర్చులో మూడో వంతు దాకా మిగులుతోంది. వచ్చే నెలే రాజీనామా ఇవ్వొచ్చా? క్లయింట్లను తిప్పడానికి కారు లోను తీసుకోవచ్చా? లీడ్స్ (ఇల్లు కొనాలనుకునేవాళ్ల పేర్లు, నంబర్లు) ఇచ్చే ఒక వెబ్‌సైట్ వాళ్లు ఏడాది డబ్బు ఒకేసారి కడితే డిస్కౌంట్ ఇస్తామంటున్నారు. కట్టనా?

జవాబు: వచ్చే నెల వద్దండీ. మీరు ఏజెంటుగా మారడానికి నేను అడ్డు చెప్పడం లేదు. కస్టమర్ సర్వీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు విసుక్కోకుండా వినడం అలవాటై ఉంటుంది, ఈ పనికి అది బాగా పనికొస్తుంది. నా అభ్యంతరమల్లా తేదీ గురించే. మీ లెక్కల ప్రకారం చూస్తే ఇంకో తొమ్మిది నెలలు ఆగడం మంచిది. ఎందుకో చెబుతాను.

ముందు ఆ "మూడు నెలల జీతం" సంగతి చూద్దాం. మీ స్నేహితురాలు అబద్ధం చెప్పలేదు, డీల్ మొత్తం మీద వచ్చే కమీషన్ గురించి చెప్పింది. అది మొత్తంగా మీ చేతికి రాదు. ఆ కమీషన్ 100 అనుకోండి. కొత్తగా చేరిన ఏజెంటు ఒక బ్రోకరేజ్ ఆఫీసు కింద పనిచేస్తే, అందులో పెద్ద వాటా ఆఫీసుకు పోతుంది. సగం అనుకుందాం. మీకు 50 మిగిలింది. ఆ డీల్ కోసం తిరిగిన పెట్రోలు, ఫొటోలు, ప్రకటనలు, ఫోన్ ఖర్చు, లైసెన్సు ఫీజులో మీ డీల్‌కు పడే వాటా కలిపి 10 అనుకోండి. ఉద్యోగంలో పన్ను కోసుకుని జీతం ఇస్తారు. ఇక్కడ చాలాసార్లు మీరే లెక్కకట్టి కట్టుకోవాలి. దానికి ఇంకో 10. మిగిలింది 30. మీ మూడు నెలల జీతంలో 30 శాతం అంటే దాదాపు 27 రోజుల జీతం. ఒక్క నెల కూడా కాదు.

ఇంకొంచెం ముందుకు వెళదాం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ జీతం ఇంటి నెల ఖర్చులో దాదాపు 83 శాతం. దాంట్లో 27 రోజుల వాటా అంటే ఇంటి ఖర్చులో ముప్పావు నెల. మీ వారు సగం చూసుకుంటే మిగతా సగం, అంటే ఏడాదికి ఆరు నెలల ఖర్చు, మీరు తేవాలి. దానికి ఏడాదికి ఎనిమిది డీల్స్ కావాలి. ఇల్లు గడవడానికే ఎనిమిది. ఇప్పుడున్న జీతం అంత సంపాదించాలంటే పదమూడు పైనే. మీ దగ్గర ఆఫీసు వాటా, పన్ను వేరేగా ఉండొచ్చు, అప్పుడు అంకెలు మారతాయి. కానీ ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేయకుండా రాజీనామా ఇవ్వకండి. అసలు అంకెలు మీ స్నేహితురాలినే అడగండి. "నీకు పోయినేడాది ఎంత వచ్చింది" అని కాదు, "అన్నీ పోను బ్యాంకులో ఎంత మిగిలింది" అని అడగండి.

రెండో సంగతి, డబ్బు ఎప్పుడు వస్తుందన్నది. ఇవాళ ఒకాయన ఫోన్ చేస్తాడు. కొన్ని వారాల పాటు ఇళ్లు చూపిస్తారు. నచ్చిన ఇల్లు దొరికాక బేరం. బేరం కుదిరాక లోను అప్లికేషన్, ఆస్తి కాగితాల పరిశీలన, ఇంటి తనిఖీ. ఆఖరున రిజిస్ట్రేషన్. కమీషన్ సాధారణంగా ఈ చివరి మెట్టు మీదే వస్తుంది, అది కూడా ముందు ఆఫీసు ఖాతాలో పడి తర్వాత మీ దగ్గరికి. అన్నీ సాఫీగా జరిగినా నెలలు పడుతుంది. మధ్యలో ఎక్కడ తెగినా మీ పని మొత్తం ఉచిత సేవే.

తెగడం కూడా ఎలా తెగుతుందంటే, మనం ఊహించని చోట. కొనే ఆయనకు బ్యాంకు సూత్రప్రాయంగా లోను ఒప్పుకుంది, తేదీ కూడా ఖరారైంది. ఈలోగా ఆయన కొత్త ఇంటికి ఫర్నిచర్, ఒక కారు వాయిదాల మీద తీసుకున్నాడు. బ్యాంకు చివరిసారి క్రెడిట్ రిపోర్టు చూసి, నెలనెలా కట్టే వాయిదాలు పెరిగాయని లోను తగ్గించింది. డీల్ పోయింది. ఏజెంటు తప్పు ఏమీ లేదు, అప్పటికే ఆ కమీషన్‌ను నమ్ముకుని క్రెడిట్ కార్డు మీద పెట్టిన ఖర్చు మాత్రం ఏజెంటుదే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఈ లైన్‌లో చాలామంది బేరం కుదిరిన రోజే డబ్బు ఖర్చు పెట్టేస్తారు.

అందుకే మీ సేవింగ్స్‌ను నెలల్లో కొలవమంటాను. మీ దగ్గర ఎనిమిది నెలలున్నాయి. కోర్సు, పరీక్ష, లైసెన్సు, ఆఫీసులో చేరే ఫీజు, మొదటి ప్రకటనలకు ఒక నెల ఖర్చంత తీసేయండి. ఏడు. ఆసుపత్రి, మీ వారి ఉద్యోగంలో ఏదైనా తేడా, ఇలాంటి వాటికి నాలుగు నెలలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఈ నాలుగూ బిజినెస్‌కు సంబంధం లేని డబ్బు. ఇక మిగిలింది మూడు. మీ వారి జీతం వేడినీళ్లకు చన్నీళ్లు తోడైనట్టు సగం మోస్తుంది కాబట్టి ఈ మూడు ఆరు నెలలు వస్తాయి.

ఆరు నెలలు చాలవా అంటే, అదృష్టం బాగుంటే చాలు. నేను అదృష్టం మీద ప్లాన్ రాయను. కనీసం పన్నెండు నెలలు మీ వాటా కమీషన్ లేకుండా నడవగలగాలి. దానికి ఇంటి ఖర్చు లెక్కన ఆరు నెలలు, ముందు చెప్పిన ఒకటి, నాలుగు కలిపి మొత్తం పదకొండు. మీకు తక్కువైంది మూడు. నెలకు మూడో వంతు మిగులుతోందన్నారు. తొమ్మిది నెలల లెక్క అలా వచ్చింది.

పన్నెండు నెలలు ఎందుకని పట్టుబడుతున్నానో కూడా చెప్పాలి. ఒక దృశ్యం ఊహించుకోండి. క్లయింటుతో ఇల్లు చూపిస్తున్నారు. బెడ్రూమ్‌లో అల్మరా వెనక గోడకు కింద నుంచి మోకాలెత్తు దాకా పెయింటు ఉబ్బి ఉంది. వేలు పెడితే పొర ఊడి వచ్చింది. క్లయింటు మీ వైపు చూసి "ఇది మామూలేనా" అని అడిగింది. ఎల్లుండి ఇంటి లోను వాయిదా ఉంది, ఖాతాలో డబ్బు లేదు. అప్పుడు మీ నోటి నుంచి "పెయింటు వేయిస్తే పోతుందండీ" అన్న మాట ఎంత తేలికగా వచ్చేస్తుందో ఆలోచించండి. అదే ఆరు నెలల డబ్బు పక్కన ఉంటే "ఇది లోపలి చెమ్మలా ఉంది, ఇంజినీరుకు చూపించాకే మాట్లాడదాం" అంటారు. ఆ డీల్ పోవచ్చు. కానీ ఆవిడ తన చెల్లెలికి, ఆఫీసులో నలుగురికి మీ నంబరు ఇస్తుంది. ఈ వృత్తిలో ఎక్కువ కాలం నిలబడినవాళ్ల పని పాత క్లయింట్లు పంపేవాళ్ల మీదే నడుస్తుంది. డబ్బు టెన్షన్‌లో ఉన్న ఏజెంటును క్లయింట్లు చాలా త్వరగా పసిగడతారు. కాబట్టి ఈ రిజర్వును మీ ఇంటి భద్రతగానే చూడకండి. మీ మాట మీద నమ్మకం నిలబెట్టే పెట్టుబడి కూడా అదే.

ఈ తొమ్మిది నెలలు ఖాళీగా కూర్చోమనడం లేదు. లైసెన్సు కోర్సు, పరీక్ష ఉద్యోగంలో ఉండగానే ముగించండి. చాలా దేశాల్లో లైసెన్సో రిజిస్ట్రేషనో లేకుండా కమీషన్ తీసుకోవడం చట్టవిరుద్ధం, కాబట్టి "ముందు డీల్ తీసుకురా, కాగితాలు తర్వాత చూద్దాం" అనేవాళ్ల జోలికి పోవద్దు. శని, ఆదివారాలు ఒక సీనియర్ ఏజెంటు వెంట తిరగండి. దానికి ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయకూడదనే షరతు ఉందేమో చూసుకోండి. ఈ మధ్యలో చట్టబద్ధంగా ఒక డీల్ కుదిరితే ఆ డబ్బంతా రిజర్వులోకి వేయండి, తొమ్మిది నెలలు ఏడో ఎనిమిదో అవుతాయి.

జీతం స్లిప్పు చేతిలో ఉండగానే చేయాల్సిన పనులు రెండున్నాయి, వీటిని చాలామంది మర్చిపోతారు. ఇంటి లోను తక్కువ వడ్డీ బ్యాంకుకు మార్చుకోవాలన్నా, కాలవ్యవధి సర్దుకోవాలన్నా ఇప్పుడే చేయండి. సొంతంగా సంపాదించేవాళ్లను బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల పన్ను రిటర్నులు అడుగుతాయి. ఏజెంటుగా మొదటి ఏడాది మీకు చూపించడానికి ఏమీ ఉండదు. రెండోది ఇన్సూరెన్స్. కంపెనీ ఇచ్చే హెల్త్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీల్లో కొన్ని జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొంతకాలం దాకా ఆ జబ్బుకు డబ్బు ఇవ్వని గడువు) ఉంటుంది, అందుకే రాజీనామాకు ముందే తీసుకుంటే ఆ గడువులో కొంత ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది. మీ వారి పాలసీలో మీరూ పాపా చేరగలరేమో కూడా కనుక్కోండి.

ఇక ఆఫీసు ఎంపిక. "మా దగ్గర 90 శాతం మీకే" అనే ప్రకటనలు కనిపిస్తాయి. వాటిలో చాలాచోట్ల డెస్క్ ఫీజు పేరుతో నెలనెలా కట్టాలి. పోల్చి చూద్దాం. ఒకచోట సగం సగం, నెల ఫీజు లేదు. ఇంకోచోట 90 మీకు, కానీ ఒక డీల్ కమీషన్ 100 అనుకుంటే నెలకు 10 ఫీజు, ఏడాదికి 120. మూడు డీల్స్ చేస్తే మొదటి చోట 150, రెండో చోట 270 లోంచి 120 పోను అదే 150. మూడు దాటితే రెండోది లాభం. ఒక్క డీల్ కూడా కాకపోతే మొదటి చోట ఆఫీసుకు బాకీ ఏమీ ఉండదు, రెండో చోట 120 చేతి నుంచి పోతుంది. మొదటి ఏడాది ఎన్ని డీల్స్ అవుతాయో ఎవరికీ తెలియదు కాబట్టి, నేనైతే తక్కువ వాటా ఇచ్చినా పని నేర్పే ఆఫీసును ఎంచుకుంటాను. కాగితాలు ఎలా చదవాలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే సీనియర్ ఉన్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఏజెంటుగా చేరాలంటే ముందు మీరే ఒక ప్లాటు కొనాలి, లేదా డబ్బు కట్టి ఇంకో నలుగురిని చేర్పించాలి అనే చోటుకు వెళ్లొద్దు. వాళ్ల కస్టమరు మీరే.

లీడ్స్ వెబ్‌సైట్‌కు ఏడాది డబ్బు కట్టకండి. డిస్కౌంట్ ఎంతైనా సరే. వాళ్లు ఇచ్చే పేర్లు మీ ఒక్కరికే ఇస్తున్నారో, అదే ఏరియాలో ఇంకో పదిమందికి ఇస్తున్నారో అగ్రిమెంటులో చూడండి. కొత్తవాళ్లకు మొదటి క్లయింట్లు ముఖం తెలిసినవాళ్లలోంచే ఎక్కువగా వస్తారు. మీకు తెలిసినవాళ్ల జాబితా రాసి, లైసెన్సు వచ్చిన వారంలో ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేయండి. దానికి ఫోన్ బిల్లు తప్ప ఖర్చేమీ ఉండదు. తర్వాత కూడా లీడ్స్ కావాలనిపిస్తే నెలవారీ ప్లాన్ తీసుకుని, ఎన్ని ఫోన్లు చేస్తే ఎంతమంది ఇల్లు చూడటానికి వచ్చారో రాసుకుంటూ, మూడు నెలలకు తేల్చుకోండి.

కారు లోను ఇప్పుడు వద్దు. ఇంట్లో ఉన్న బండి శుభ్రంగా ఉంటే చాలు. అవసరమైన రోజు అద్దెకు తీసుకోండి. డీల్ ఉన్నా లేకున్నా వచ్చే వాయిదా మీ పన్నెండు నెలలను తొమ్మిదికో ఎనిమిదికో తగ్గిస్తుంది.

డబ్బు రావడం మొదలయ్యాక బ్యాంకు ఖాతాలు మూడు ఉంచుకోండి. కమీషన్ బిజినెస్ ఖాతాలో పడాలి. పడిన రోజే పన్ను వాటా రెండో ఖాతాలోకి పోవాలి, ముందస్తు పన్ను వాయిదాల సమయంలో వెతుక్కోనక్కర్లేదు. మూడోది ఇంటి ఖాతా. దానిలోకి ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తం మీకు మీరే జీతంలా పంపుకోండి. రెండు డీల్స్ కలిసొచ్చిన నెలలోనూ అంతే. మిగిలింది ఏ డీలూ లేని నెలలకు. క్లయింట్లు ఇచ్చే టోకెన్ డబ్బు మాత్రం ఈ మూడింటిలో దేనిలోనూ, ఒక్క రాత్రికైనా, పడకూడదు. అది నేరుగా అమ్మేవాళ్లకో, చట్టం చెప్పిన ఎస్క్రో ఖాతాకో (డీల్ పూర్తయ్యేదాకా డబ్బును మధ్యవర్తి దగ్గర భద్రంగా ఉంచే ఖాతా) వెళ్లాలి, రసీదు మీ దగ్గర ఉండాలి. కమీషన్ ఎంత, ఎవరిస్తారు, ఏ రోజు ఇస్తారు అన్నది మొదటి ఇల్లు చూపించే ముందే రాతలో ఉండాలి. తెలిసినవాళ్లయితే మరీ ముఖ్యం, తర్వాత అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

చివరిగా, రాజీనామా ఇచ్చే ముందు మీ వారితో కూర్చుని ఆగే గీత ఒకటి రాసుకోండి. ఇంటికోసం పెట్టిన ఆరు నెలల డబ్బు రెండుకు దిగితే ఏం చేయాలన్నది ఆ రోజు కాదు, ఇప్పుడే తేల్చాలి. పార్ట్‌టైమ్ ఉద్యోగమా, అద్దె ఇళ్ల డీల్స్ ఎక్కువ చేయడమా (కమీషన్ చిన్నదే, కానీ త్వరగా వస్తుంది), పూర్తిగా ఉద్యోగానికి తిరిగి వెళ్లడమా. రెండు అన్నది ఎందుకంటే, మీ వారి జీతంతో కలిపి అది ఇంకో నాలుగు నెలలు వస్తుంది, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ మాత్రం టైం కావాలి. పక్కన పెట్టిన ఆ నాలుగు నెలల అత్యవసర డబ్బును "ఈ ఒక్క డీల్ అయిపోతే తిరిగి పెట్టేద్దాం" అంటూ తీయకుండా ఉండాలంటే, దాన్ని మీ ఇద్దరి సంతకాలు ఉంటేనే తీయగలిగే జాయింట్ డిపాజిట్‌లో వేయండి.