మాస్కులోకి నీళ్లు రావడం గురించి

అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడడం) చేస్తుంటే మాస్కులోకి నీళ్లు వచ్చాయి, అద్దానికి ఆవిరి పట్టింది, పడవలో కడుపులో తిప్పింది అన్నారు కదండీ.

మీకు మీసం ఉందా? చాలామందికి నీళ్లు వచ్చేది అక్కడే. సిలికాన్ అంచు చర్మానికి అంటుకోక, వెంట్రుకల సందుల్లోంచి నీరు దూరుతుంది. ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గొరిగితే చాలు, మొత్తం తీసెయ్యక్కర్లేదు. మాస్కు అద్దెకు తీసుకునేటప్పుడు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చెయ్యి వదిలినా ఊడకపోతే అది మీ సైజే. పట్టీ మరీ బిగిస్తే అంచు వంకర తిరిగి ఇంకా ఎక్కువ కారుతుంది.

ఆవిరి పట్టకుండా అద్దం లోపలివైపు చుక్క బేబీ షాంపూ రాసి, నీళ్లతో ఒక్కసారి తొలిపేయండి. ముక్కుతో ఊపిరి వదలకండి.

పడవ ఖాళీ కడుపుతో ఎక్కొద్దు. ఫోన్ చూడకుండా దూరంగా నింగీ నీరూ కలిసేచోట చూపు నిలపండి.

ఒక్క విన్నపం. అలసిపోతే పగడాల మీద నిలబడకండి, లైఫ్ జాకెట్‌తో వెల్లకిలా తేలండి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విపరీతంగా తెల్లబడి, చాలా చనిపోయాయి. మిగిలినవాటిని మన కాళ్లతో విరగ్గొట్టొద్దు.