చికిత్స ముగిశాక ఒంట్లో సత్తువ ఎంతో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కుడి రొమ్ముకు కాన్సర్ వస్తే ఆపరేషన్ చేసి, చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు లెట్రోజోల్ వాడుతున్నాను. పరీక్షలన్నీ బాగున్నాయంటున్నారు, బరువు కూడా మునుపటంతే ఉంది. అయినా ఒక అంతస్తు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది, కుడి చేత్తో ఏదైనా ఎత్తాలంటే భయంగా ఉంది. నా దేహదారుఢ్యం నిజంగా ఎంత ఉందో తెలుసుకునే మార్గం ఉందా?

– ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. పరీక్షలన్నీ బాగున్నాయంటే వ్యాధి తిరగబెట్టిన జాడ లేదని అర్థమే తప్ప, ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందన్నది వాటిలో కనిపించదు. బరువు మారకపోవడాన్నీ నమ్ముకోవద్దు. చికిత్స కాలంలో కండ కరిగి, ఆ మేరకు కొవ్వు చేరితే తూకం అంతే ఉంటుంది, మెట్లు మాత్రం ఎక్కలేరు.

అయితే ముందు ఆ ఆయాసం సంగతి తేలాలి. కీమోథెరపీలో డాక్సోరూబిసిన్ వంటి మందు గాని, ఆ తర్వాత ట్రాస్టుజుమాబ్ గాని వాడి ఉంటే గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంది. డాక్సోరూబిసిన్ ప్రభావం కొందరిలో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా ఇలాగే ఉండవచ్చు. అందుకని మీ డాక్టరును కలిసి, ఆయన సూచిస్తే ఎకో (గుండె స్కాన్), రక్త పరీక్షలు చేయించుకున్న తర్వాతే మిగతావాటికి సిద్ధపడండి.

గుండెకు భయం లేదని తేలాక, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకోవచ్చు. 30 మీటర్ల చదునైన వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఆరు నిమిషాల్లో ఎంత దూరం వెళ్లగలిగారో కొలుస్తారు. మధ్యలో ఆగి అలుపు తీర్చుకోవచ్చు గాని గడియారం ఆగదు. ముఖానికి మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ శరీరం వాడుకునే ఆక్సిజన్‌ను లెక్కగట్టే పరీక్ష దీనికంటే కచ్చితమైనదే, కానీ అందరికీ అది అవసరం కాదు. కాళ్ల బలానికి మరీ తేలికైన పరీక్ష ఉంది: చేతులు లేని కుర్చీలో కూర్చుని, చేతులను ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించడమే. పాక్లిటాక్సెల్ వంటి మందుల తర్వాత అరికాళ్లలో తిమ్మిరి మిగిలి ఉంటే, ఒంటికాలిపై ఎంతసేపు నిలబడగలరో చూడటం కూడా తప్పనిసరి. లెట్రోజోల్ ఎముకల సాంద్రతను తగ్గిస్తుంది గనుక, మీరు తూలి పడిపోకుండా చూసుకోవడం మరీ ముఖ్యం.

చేతి విషయంలో మూడు కొలతలు కావాలి. భుజం ఎంతవరకు పైకి లేస్తుందో కోణమానినితో చూస్తారు. పిడికిలి బలాన్ని చేత్తో నొక్కే పరికరంతో రెండు చేతులకూ కొలుస్తారు. చేతుల చుట్టుకొలతను టేపుతో ఒకే స్థానాల్లో కొలిచినప్పుడు, రెండింటి మధ్య 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే లింఫ్ వాపును, అంటే చంకలో గ్రంథులు తీసేశాక ద్రవం నిలిచి చేయి వాయడాన్ని, అనుమానించాలి. వాడకం ఎక్కువున్న చేయి సహజంగానే కాస్త లావుగా ఉంటుంది కాబట్టి, ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతలు మీ ఫైల్లో ఉంటే వాటితో పోల్చడం మేలు. ఆ కొలతలు ముందే తీయించుకొమ్మని ప్రతి రోగికీ చెప్పవలసింది; చాలాచోట్ల ఎవరూ చెప్పరు, అది నన్ను బాధపెడుతుంది.

బరువులెత్తితే చేయి వాస్తుందన్న భయం చాలాకాలం వైద్యుల్లోనూ ఉండేది. అప్పటికే వాపు ఉన్న 141 మంది మహిళలపై జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. శిక్షణలో, ఒత్తిడినిచ్చే తొడుగు ధరించి, వారానికి రెండుసార్లు మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ వ్యాయామం చేసిన వారిలో వాపు పెరగలేదు, బలం పెరిగింది. కనుక ఫిజియోథెరపిస్టు దగ్గర అతి తక్కువ బరువుతో మొదలుపెట్టండి. చేయి బరువెక్కినట్టో, గాజు బిగుసుకున్నట్టో అనిపిస్తే ఆపి చూపించుకోండి. మూడు నెలల తర్వాత అదే వరండాలో, అదే కుర్చీతో, రోజులో అదే వేళకు మళ్లీ పరీక్షించుకుని ఆ అంకెలను నేటి అంకెలతో సరిపోల్చండి.