ముందు ఏ కోర్టో తేల్చుకో, ఏ దేశమో తర్వాత చూద్దాం

చిన్నా,

లాలో పీజీ, అదే ఎల్ఎల్ఎంకి లండన్ వెళ్తానంటున్నావట, మీ నాన్న అప్పుడే పొలం కాగితాలు బీరువాలోంచి తీసి ముందేసుకుని కూర్చున్నారట. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి "నువ్వే ఏదో ఒకటి చెప్పవే వాడికి" అంది. వద్దని నేనెందుకు చెప్తాను, నేనూ వెళ్లొచ్చిన దాన్నే కదా. కానీ ఒక్క ప్రశ్నకి జవాబు తేల్చుకోకుండా ఎక్కడా రూపాయి కట్టకు. చదువయ్యాక ఏ కోర్టులో, ఏ ఆఫీసులో పని చేద్దామని?

మన ఒడిశా బరంపురంలో ఈ మాట ఎత్తితే చాలు, వి.వి. గిరి గారి పేరు వస్తుంది. నిజమే, ఇక్కడ పుట్టిన తెలుగువాడు 1913లో డబ్లిన్ వెళ్లి లా చదివాడు, 1916లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నమోదయ్యాడు, చివరికి రాష్ట్రపతి అయ్యాడు. కానీ ఆ రోజుల్లో అక్కడ బారిస్టర్ అయితే ఇక్కడ కోటు వేసుకోవచ్చు. ఇప్పుడు 1961 అడ్వకేట్స్ యాక్ట్ ఉంది, అందులో బారిస్టర్లకి ఇచ్చిన దారి 1976 డిసెంబర్ 31తో మూసేశారు. ఇవాళ నువ్వు ఆక్స్‌ఫర్డ్‌లో ఎల్ఎల్ఎం స్థాయి చదువు చదివొచ్చినా ఇక్కడ వకాల్తా వేయడానికి పనికొచ్చేది లింగరాజ్ లా కాలేజీలో నువ్వు చదువుతున్న ఈ ఎల్ఎల్‌బీనే. నేను లండన్ నుంచి వచ్చి జిల్లా కోర్టులో కూర్చుంటే క్లయింట్లు అడిగింది "వాయిదా ఎప్పుడమ్మా" అని, అంతే.

అందుకే ఎల్ఎల్‌బీ అవగానే కటక్ వెళ్లి బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అవ్వు. జనరల్ కేటగిరీకి 750 రూపాయలకి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2024లోనే చెప్పింది. వెంటనే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ కూడా రాసెయ్యి, వచ్చాక రాద్దాంలే అనుకుంటే సబ్జెక్టు మర్చిపోతావు. ఎన్‌రోల్ అయితే ఇచ్చే సర్టిఫికెట్, అదే సనద్, ఇంగ్లండ్‌లో కూడా పనికొస్తుంది, ఇది చాలామంది పిల్లలకి తెలియదు. అక్కడ సొలిసిటర్, అంటే ఆఫీసులో క్లయింట్ల పని చూసే లాయర్, కావాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ అని రెండు దశల పరీక్ష పెట్టారు, మొదటి దశలోనే 360 ప్రశ్నలు. మామూలుగా అయితే దాంతో పాటు రెండేళ్ల పని అనుభవం చూపించాలి, వేరే దేశంలో ముందే అడ్వకేట్ అయినవాళ్లకి ఆ రెండేళ్లు అక్కర్లేదు. పైగా ఈ పరీక్షకి ఎల్ఎల్ఎం అవసరమే లేదు! సొలిసిటర్ అవ్వడమే నీ లెక్క అయితే ఎల్ఎల్ఎం మీద అన్ని లక్షలు ఎందుకు పోస్తున్నావో ఒకసారి ఆలోచించు. చదువు కోసం వెళ్తానంటావా, అది వేరే మాట, దానికి నేను అడ్డు చెప్పను.

అమెరికా దారి ఇంకోలా ఉంటుంది. న్యూయార్క్ బార్ ఎగ్జామ్ రాయాలంటే మనలాంటి వాళ్లలో చాలామందికి అక్కడి ఎల్ఎల్ఎం కావాలి, అందులో 24 క్రెడిట్లు ఉండాలి, అవి కూడా వాళ్లు చెప్పిన సబ్జెక్టుల లెక్క ప్రకారం. కాలేజీ బ్రోషర్ నమ్మకు, నీ డిగ్రీలు వాళ్లకి సరిపోతాయో లేదో ఆ బార్ ఎగ్జామినర్ల బోర్డునే ముందు అడుగు. చదువయ్యాక పని చేసుకోవడానికి లా వాళ్లకి ఏడాదే ఇస్తారు, ఇంజినీర్లకి ఉన్నట్టు పొడిగింపు ఉండదు. వీసా ఇంటర్వ్యూకి మాత్రం మనం అదృష్టవంతులం, ఒడిశా కూడా హైదరాబాద్ కాన్సులేట్ కిందకే వస్తుంది, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేసరికి సికింద్రాబాద్.

ఇక కాగితాలు. మన సరిహద్దు తెలుగువాళ్లకి అసలు తలనొప్పి ఇక్కడే. నీ మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒడియాలోంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి స్పెల్లింగే మారిపోయింది. మీ నాన్న పేరు నీ బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది, పందెం కాస్తాను. ఇవన్నీ ఒక టేబుల్ మీద పరిచి, పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం చూడు. తేడా కనబడితే ఇప్పుడే సరిచేయించు, అఫిడవిట్‌తో అయ్యేది అఫిడవిట్‌తో, గెజిట్ కావాల్సింది గెజిట్‌తో. అడ్మిషన్ వచ్చాక మొదలుపెడితే నెలలు తింటుంది. పొలం పట్టా ఒడియాలో ఉంది కాబట్టి బయటివాళ్లకి ఎక్కడ చూపించాల్సి వచ్చినా సర్టిఫై చేసిన ఇంగ్లీషు అనువాదం జత చేయాలి.

డబ్బు చూపించడం గురించి కూడా చెప్పేస్తాను. ఇంగ్లండ్ వీసాకి కాలేజీ ఫీజు బకాయి, అక్కడి బతుకు ఖర్చు కలిపి ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్కరోజు తగ్గినా చెల్లదు. ఆ ఖాతా నీదో మీ అమ్మానాన్నలదో అయి ఉండాలి, జైపూర్ మావయ్య వేస్తానన్నాడు కదా అని ఆయన పాస్‌బుక్ పట్టుకెళ్తే చూడరు. ఆ నెల రోజులు ఎరువులకీ పెళ్లి చదివింపులకీ ఆ ఖాతా ముట్టుకోవద్దని మీ నాన్నకి గట్టిగా చెప్పు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ లెటర్ ఉంటే ఈ 28 రోజుల టెన్షన్ లేదు. వీసా ఫీజు కాక వాళ్ల హెల్త్ సర్‌చార్జీ ఒకటుంది, 2024 నుంచి విద్యార్థులకి ఏడాదికి 776 పౌండ్లు, ముందే కట్టాలి. ఏజెంట్లు దీన్ని చివర్లో చెప్తారు.

స్కాలర్‌షిప్‌కి ప్రయత్నించకుండా పొలం తాకట్టు పెట్టించకు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, వాళ్లు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు ఇక్కడ ఉండాలంటారు. నాకైతే నీకు అదే సరైనదనిపిస్తోంది, ఈలోగా ఎవరి దగ్గరైనా జూనియర్‌గా చేరు, ఫైళ్లు మోస్తే తెలిసేది పుస్తకంలో దొరకదు.

నువ్వు పంపిన ఎస్‌ఓపీ, అదే ఎందుకు చదవాలనుకుంటున్నావో అడ్మిషన్‌కి రాసే వ్యాసం, చదివాను. "చిన్నప్పటి నుంచి న్యాయం అంటే మక్కువ" అన్న మొదటి పేరా కొట్టెయ్యి, ప్రతివాడూ అదే రాస్తాడు. నీ ఊరు గురించి రాయి బాబూ! వంశధార నీళ్ల మీద ఆంధ్రా, ఒడిశా రెండూ కొట్టుకుంటే 2010లో ట్రైబ్యునల్ వేశారు, 2017లో అవార్డు వచ్చింది, మీ తాతగారి పొలం ఆ ఏటి ఒడ్డునే ఉంది. కొరాపుట్‌లో కొటియా గ్రామాలు ఏ రాష్ట్రానివన్న గొడవ ఇంకా నడుస్తోంది. నియమగిరి కొండల్లో గని తవ్వాలా వద్దా అన్నది 2013లో సుప్రీంకోర్టు అక్కడి ఆదివాసీల గ్రామసభలనే అడగమంటే 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. అంతర్జాతీయ జల చట్టం, సరిహద్దులు, ఆదివాసీ హక్కులు అని వాళ్లు సెమినార్లు పెట్టేది ఇలాంటి వాటి మీదే. రెండు భాషల కాగితాలు చదవగలిగే కుర్రాడివి, ఆ సంగతి నీ ఎస్‌ఓపీలో ఎక్కడా లేదు.

అక్కడి చదువు గురించి ఒక్కమాట. గైడ్ బట్టీపట్టి పది మార్కుల జవాబు రాసే అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్లు. వాళ్లు ఒక కథ లాంటి సమస్య ఇచ్చి ఇద్దరి తరఫునా వాదించమంటారు, ఎక్కడి నుంచి ఏ వాక్యం తీసుకున్నా ఫుట్‌నోట్ అడుగుతారు, పెట్టకపోతే దొంగతనం కిందే లెక్క. ఇప్పటి నుంచే వారానికి ఒక తీర్పు పూర్తిగా, పైన ఇచ్చే సారాంశం, అదే హెడ్‌నోట్, చూడకుండా చదువు.

ఆదివారం మీ నాన్నని తీసుకుని ఇంటికి రా. కాగితాలన్నీ ఒరిజినల్స్‌తో తెండి, లోన్ ఎంత తీసుకోవాలో అక్కడే కూర్చుని లెక్కేద్దాం. ఎస్‌ఓపీ మళ్లీ రాసి శనివారం రాత్రికి పంపు, లేకపోతే ఆదివారం దాని గురించి మాట్లాడను.

మీ పిన్ని