కొల్లాజెన్ గురించి రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ చిత్తుప్రతి చదివాను. వివరాలు బాగా పోగుచేశావు కానీ మొదటి పేరాలోనే దారి తప్పావు. ఎముకకీ చర్మానికీ బలమిచ్చే కొల్లాజెన్ ప్రోటీన్‌ని పరంజాతో పోల్చావు. పరంజా మేస్త్రీకి పని నేర్పదు, కొల్లాజెన్ మాత్రం నేర్పుతుంది. ఎముక కట్టాల్సిన కణం ముందు తన చుట్టూ కొల్లాజెన్ పోగులు అల్లుకుంటుంది. ఆ పోగులను పట్టుకున్నాకే పూర్తిస్థాయి ఆస్టియోబ్లాస్ట్‌గా ఎదుగుతుంది. నీ వ్యాసమంతా ఈ మలుపు చుట్టూనే తిరగాలి.

దాన్ని పాఠకుడి కళ్లకు కట్టాలంటే విటమిన్ సి ప్రయోగం చెప్పు. చిట్టెలుక కూన పుర్రె ఎముక నుంచి వచ్చిన ఎంసీ3టీ3-ఈ1 కణాలను రెండు పళ్లేల్లో పెంచుతారు. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లం వేస్తారు, రెండోదాంట్లో వేయరు. కణాలు రెండింట్లోనూ పెరుగుతాయి. ఎముక కణంగా ఎదుగుతున్నదానికి గుర్తులైన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్, ఆ తర్వాత ఆస్టియోకాల్సిన్ ప్రోటీన్ బాగా పెరిగేది మాత్రం మొదటిదాంట్లోనే.

ఎందుకన్నది చెప్పేచోట తొందరపడకు. కొల్లాజెన్ మూడు గొలుసులు పేనిన ముప్పేట తాడు. (ఆ నిర్మాణాన్ని 1954లో మద్రాసు నుంచి ప్రతిపాదించింది జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఒక్క వాక్యంలో తప్పక చెప్పు.) పేట విడిపోకుండా ఉండాలంటే గొలుసుల్లోని ప్రోలిన్ అనే అమినో ఆమ్లాలకు హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) చేరాలి. అది చేర్చే ఎంజైమ్‌కి విటమిన్ సి కావాలి. లేకపోతే ఒంటి వేడికి తాడు నిలవదు, చాలావరకు కణం లోపలే చిక్కుకుపోతుంది. బయట పోగులు లేకపోతే కణం పట్టుకోవడానికేమీ ఉండదు. ఇక్కడే తెలివైన పాఠకుడికి అనుమానం వస్తుంది: ఆ పని నేరుగా విటమినే చేసిందేమో? అందుకే రెండో పరీక్ష వదలొద్దు. విటమిన్ ఇచ్చి, కొల్లాజెన్ తయారీని మాత్రం వేరే రసాయనంతో అడ్డుకున్నా కణం ఎదగదు.

పట్టు ఎలా పడుతుందో కూడా రాయి. కణం పైపొర మీది ఆల్ఫా2 బీటా1 ఇంటిగ్రిన్ అనే పట్టు ప్రోటీన్, కొల్లాజెన్‌లో ఆరు అమినో ఆమ్లాల వరుసనొకదాన్ని గుర్తుపడుతుంది. అక్కణ్ణించి కబురు ఈఆర్‌కే ఎంజైమ్‌ దాకా వెళ్తుంది. అది రన్‌క్స్2 ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తే ఆస్టియోకాల్సిన్ జన్యువు పని మొదలుపెడుతుంది. ఆ ఆరింటి వరుస ముప్పేటలో ఉంటేనే ఈ ఇంటిగ్రిన్‌కి అందుతుంది. అందుకే 'జెలటిన్ కూడా కొల్లాజెనే' అన్న నీ వాక్యం కొట్టేయాలి. వేడికి పేట విడిపోయిందే జెలటిన్. దాంట్లో ఈ పట్టు పోయి, లోపల దాగున్న వేరే పట్లు బయటపడతాయి. కణానికి అందే కబురే మారిపోతుంది.

గట్టిదనం సంగతి రెండు వాక్యాల్లో ముగించు. కొల్లాజెన్ పూసిన జెల్ గట్టిదనం 25 నుంచి 40 కిలోపాస్కల్స్ ఉన్నప్పుడు మూలకణాలు ఎముక దారి పడతాయని 2006లో చూపించారు. అంతకంటే మెత్తనైతే కండరం వైపు, మరీ మెత్తనైతే నాడీకణాల వైపు మొగ్గుతాయి.

ఏ ప్రయోగశాల ఫలితం గురించి రాసినా ముందు రెండు సంగతులు అడుగు. మొదటిది, ఏ మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) వాడారు? మామూలు ఆల్ఫా-ఎంఈఎమ్ అనే మీడియంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ముందే కలిపి ఉంటుంది. అంటే సరిగ్గా మొదటి పళ్లెంలో వేసినంతే. అది వాడితే 'విటమిన్ లేని' పళ్లెం పేరుకే. ఆస్కార్బిక్ ఆమ్లం లేని రకం విడిగా దొరుకుతుంది, అదే వాడాలి.

రెండోది, ఖనిజం పేరుకుందో లేదో చూడ్డానికి వేసే అలిజరిన్ రెడ్ రంగు. ఎర్రగా కనిపించగానే 'ఎముక ఏర్పడింది' అని రాసేయకు. ఆ రంగు కాల్షియం ఎక్కడున్నా అంటుకుంటుంది. ఖనిజం కోసం బీటా-గ్లిసరోఫాస్ఫేట్ సాధారణంగా 10 మిల్లీమోలార్ దాకా వేస్తారు. మోతాదు మించినా, కణాలు చచ్చిపడినా కాల్షియం ఫాస్ఫేట్ ఊరికే పేరుకుంటుంది. ఆ ఖనిజం కొల్లాజెన్ పోగుల వెంట పేరుకుందా, పళ్లెం అడుగున చెదురుమదురుగా పడిందా అన్నది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలో చూసుకున్నాకే ఆ మాట రాయి.

ఆశీస్సులతో,
మీ అన్న